మందు డబ్బా మీద ఉన్న తెలుగు తిండి పొట్లం మీద ఏది?

పత్తికి కొట్టే మందు డబ్బా చేతికి రాగానే మన కన్ను ముందుగా దాని మీది రంగు గుర్తు వైపు పోతుంది. ఎరుపు ఉంటే అన్నిటికంటే భయంకరమైన విషం. పసుపు దాని తర్వాతిది. నీలం మధ్యరకం, ఆకుపచ్చ అన్నిటికంటే తక్కువది. చదువు రాని కూలీ కూడా ఈ రంగుల లెక్క చెప్పగలడు. డబ్బాతో పాటు మడతలు పెట్టిన ఒక కాగితం వస్తుంది. అచ్చు చీమ తలకాయంత ఉన్నా సరే, అందులో తెలుగు ఉంటుంది. ఎకరానికి ఎంత కొట్టాలి, కొట్టాక ఎన్ని రోజులకు కోయాలి, విషం ఎక్కితే ఏం చేయాలి అన్నీ ఉంటాయి. కంపెనీలు దయతలచి రాసినవి కావవి. హిందీ, ఇంగ్లీషుతో పాటు సరుకు అమ్మే ప్రాంతపు భాష కూడా ఉండాలని 1971 నాటి పురుగుమందుల నియమాలు చెబుతున్నాయి. అందుకే ఉంటున్నాయి.

ఇప్పుడు మన పొలాల్లో పండిన మక్కజొన్న సంగతి చూద్దాం. గింజ వలిచి, గడ్డ కట్టించి, ప్యాకెట్‌లో పెట్టి, దుకాణంలో ఫ్రీజర్ పెట్టెలోకి చేర్చుతారు. ఆ ప్యాకెట్ వెనక్కి తిప్పండి. ఎంత చల్లదనంలో ఉంచాలి, ఎప్పటిలోగా తినాలి, ఐస్ విడిచాక మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టొచ్చా, వండకుండా తినొచ్చా అన్న నాలుగు ముఖ్యమైన మాటలూ ఇంగ్లీషులోనే ఉంటాయి. తెలుగు అక్షరం వెతికితే దొరకడం కష్టం.

విషం డబ్బా మీద తెలుగు ఉండాలన్న ప్రభుత్వం తిండి పొట్లం మీద ఉండాలని అనలేదు. ఈ నెల మా సంపాదకీయం దీని గురించే.

ఇది రైతు పత్రికలో ఎందుకు?

కొందరు మిత్రులు అడగవచ్చు: ధరలు, కరెంటు, విత్తనాలు, అప్పులు ఇన్ని ఉండగా ఫ్రిజ్‌లో పెట్టే ప్యాకెట్ల గొడవ మనకెందుకని. దానికి మా జవాబు ఉప్పల్, నాచారంలోనే ఉంది.

ఉప్పల్ భగాయత్ పేరు అందరికీ తెలుసు. భగాయత్ అంటే తోటల భూమి. మూసీ ఒడ్డున కూరగాయలు, ఆకుకూరలు, పశువుల గడ్డి పండిన నేల అది. ఇవాళ ఆ పేరు ప్లాట్ల బోర్డుల మీద మిగిలింది. పక్కనే నాచారం, మల్లాపూర్ పారిశ్రామిక వాడలయ్యాయి. వరంగల్ రోడ్డు మీద భువనగిరి, ఆలేరు, జనగామ నుంచి వచ్చే బస్సు దిగేది ఉప్పల్‌లోనే. వ్యవసాయం గిట్టక ఊరు విడిచిన మన పిల్లలు, మన అన్నదమ్ములు ఈ చుట్టుపక్కలే కిరాయికి ఉంటున్నారు. కొందరు ఫ్యాక్టరీలకు, కొందరు మాల్ గోదాములకు, కొందరు ఇళ్లకు సరుకు చేర్చే పనికి పోతున్నారు. నిన్నటి దాకా పండించి తిన్నవాళ్లు ఇవాళ కొనుక్కుని తింటున్నారు. పొద్దున డ్యూటీకి పోయి రాత్రి వచ్చే ఇల్లాలు ఫ్రోజెన్ బఠాణీ, ఫ్రోజెన్ పరోటా, కవర్లో చికెన్ కొంటే తప్పు పట్టేవాళ్లం మేం కాదు. ఆమెకు టైం లేదు. టైం లేని మనిషికి పొట్లం మీది మాట స్పష్టంగా ఉండాలన్నదే మా వాదన.

ఊళ్లో ఉన్నవాళ్లు మాత్రం కొనడం లేదా? నూనె కొంటున్నాం, పప్పు కొంటున్నాం, పిల్లలకు బిస్కెట్లు, శీతల పానీయాలు కొంటున్నాం. రైతు ఇంట్లో కూడా సగం వంట ప్యాకెట్‌లోంచే వస్తున్నది.

ఇంకో సంగతి ఉంది. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం రైతుకు వర్తించదు. 18వ సెక్షన్‌లో ఆ మాట స్పష్టంగా ఉంది: రైతుకు, వ్యవసాయ పనులకు, పొలం దగ్గరి పంటకు ఈ చట్టం లేదు. ఇది మంచిదే. కాని దాని అర్థం ఇంకొకటి కూడా ఉంది. పంట పొలం గట్టు దాటగానే మన పేరు పోతుంది. ఆ తర్వాత దాని గురించి ఎవరు ఏం చెప్పినా లేబుల్ మీద చెప్పిందే. తినేవాడికీ పండించినవాడికీ మధ్య మిగిలిన ఒకే ఒక్క కాగితం ఆ లేబుల్. అది తినేవాడికి అర్థం కాకపోతే, సరుకు మీద నమ్మకం పోతుంది. నమ్మకం పోయిన సరుకుకు ధర రాదు. ఆ దెబ్బ చివరికి తగిలేది మనకే.

చట్టం భాష గురించి ఏమంటున్నది?

తినే సరుకుల లేబుళ్లకు 2020లో కొత్త నియమాలు వచ్చాయి. లేబుల్ మీది వివరాలు ఇంగ్లీషులో ఉండాలి, లేదా దేవనాగరి లిపిలో హిందీలో ఉండాలి అన్నది నియమం. ఇంకే భాషైనా అదనంగా వేసుకోవచ్చు, అభ్యంతరం లేదు. అంటే తెలుగు వేస్తే తప్పు కాదు, వేయకపోయినా తప్పు కాదు. వేయకపోయినా తప్పు కానిదాన్ని కంపెనీ ఎందుకు వేస్తుంది?

అదే కంపెనీ టీవీలో ప్రకటన తెలుగులో ఇస్తుంది. గోడ మీద రాత తెలుగులో రాయిస్తుంది. అమ్మేటప్పుడు తెలుగు, జాగ్రత్త చెప్పేటప్పుడు ఇంగ్లీషు. ఇదీ వరస.

చోటు చాలదంటారు. బొటనవేలంత పురుగుమందు సీసాకు చాలిన చోటు అరకిలో ప్యాకెట్‌కు చాలదా? దేశమంతా ఒకే ప్యాకెట్ పోతుంది, ఇన్ని భాషలు ఎలా వేస్తామంటారు. మందుల కంపెనీల సరుకు కూడా దేశమంతా పోతున్నది, వాళ్లు వేస్తున్నారు కదా. జనం చదవరంటారు. చదవగలిగే భాషలో రాశాక ఆ మాట అనాలి.

చదవాల్సిన ఐదు చోట్లు

చట్టం మారేదాకా ఊరుకోలేం. ప్యాకెట్ మీద ఎక్కడ ఏముంటుందో తెలిస్తే ఇంగ్లీషు అంతంత మాత్రం వచ్చినా పని జరుగుతుంది. పదో తరగతి చదివే పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కసారి చూసుకుంటే చాలు.

మొదటిది, చతురస్రం గుర్తు. ఆకుపచ్చ గీతల మధ్య ఆకుపచ్చ చుక్క ఉంటే శాకాహారం. మాంసాహారానికి ఇదివరకు గోధుమ రంగు చుక్క ఉండేది, కొత్త నియమాల్లో అది గోధుమ రంగు త్రికోణం అయింది. రంగు గుర్తుపట్టలేనివాళ్లకు కూడా ఆకారంతో తెలియాలని ఈ మార్పు. భాష రాకపోయినా అర్థమయ్యే గుర్తు పెట్టడం సాధ్యమేనని దీన్ని చూస్తేనే తెలుస్తుంది.

రెండోది, 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు. తయారుచేసినవాడికి లైసెన్సు గానీ రిజిస్ట్రేషన్ గానీ ఉన్నదనడానికి గుర్తు. నంబరు ఉన్నంత మాత్రాన సరుకు మంచిదని కాదు. కాని నంబరు లేని ప్యాకెట్ మీద ఫిర్యాదు చేస్తే పట్టుకోవడానికి మనిషే దొరకడు.

మూడోది, తేదీలు. తయారైన లేదా ప్యాక్ చేసిన తేదీ ఒకటి, గడువు తేదీ ఒకటి. ‘ఎక్స్‌పైరీ’ అన్నా ‘యూజ్ బై’ అన్నా గడువే. ఆ రోజు దాటితే తినకూడదు, అమ్మకూడదు. ‘బెస్ట్ బిఫోర్’ అన్న మాట వేరు. ఆ తేదీ దాకా రుచి, వాసన, నాణ్యత బాగుంటాయని కంపెనీ చెప్పే హామీ అది. ఆ మర్నాడే విషమైపోతుందని కాదు. ఈ రెంటికీ తేడా తెలియక ఒక ఇంట్లో మంచి పప్పు పారేస్తున్నారు, ఇంకో ఇంట్లో గడువు దాటిన మాంసం వండుతున్నారు. 2020 నియమాల్లో గడువు తేదీ తప్పనిసరి, ‘బెస్ట్ బిఫోర్’ కావాలంటే అదనంగా వేసుకునేది.

నాలుగోది, దేనితో చేశారన్న జాబితా. ఇక్కడ ఒక కిటుకు ఉంది. బరువులో ఎక్కువ ఉన్నది ముందు రాయాలి, తక్కువ ఉన్నది తర్వాత. బొమ్మ మీద మామిడిపండు ఉండి జాబితాలో నీళ్లు, చక్కెర తర్వాత మామిడి వచ్చిందంటే మనం కొంటున్నది చక్కెర నీళ్లు. మన తోటల రైతుకు ఆ సీసాలో వాటా ఎంతో కూడా అక్కడే తెలిసిపోతుంది. ఫ్రోజెన్ బఠాణీ ప్యాకెట్‌లో జాబితా ఒకే ఒక్క మాట ఉండాలి: పచ్చి బఠాణీ. ఎండు బఠాణీ నానబెట్టి రంగు కలిపినదైతే జాబితా అంత పొట్టిగా ఉండదు. విడిగా అమ్మే బఠాణీ అయితే గ్లాసు నీళ్లలో వేసి కాసేపు చూడండి. నీళ్లు పచ్చబడితే రంగు పూసినట్టే.

ఐదోది, ఎలా నిల్వ చేయాలన్న వాక్యం. అన్నిటికంటే చిన్న అచ్చు దీనిదే. ప్రాణం మీదికి వచ్చేది మాత్రం దీనితోనే. అందుకే దీన్ని విడిగా చెప్పుకుందాం.

చలి మందు కాదు

మిర్చి రైతుకు కోల్డ్ స్టోరేజి కొత్త కాదు. బాగా ఆరి, తేమ 10, 11 శాతానికి దిగిన మిర్చి లోపల పెడితే నెలల తర్వాత కూడా రంగు నిలుస్తుంది. పచ్చిగా ఉన్నది పెడితే బూజుతోనే బయటికి వస్తుంది. చల్లదనం సరుకును బాగుచేయదు. పెట్టినప్పుడు ఎలా ఉన్నదో ఆ స్థితిలో ఆపి ఉంచుతుంది, అంతే.

ఇంట్లో ఫ్రీజర్ సంగతి కూడా ఇదే. గడ్డ కట్టినంత మాత్రాన సూక్ష్మజీవులు చావవు. నిద్రపోతాయి. ఐస్ విడవగానే మళ్లీ లేస్తాయి. 5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల దాకా ఉన్న వేడిలో అవి వేగంగా పెరుగుతాయి. మన వంటింటి గట్టు మీద వేసవిలో ఉండేది సరిగ్గా ఆ మధ్యనే.

ఈ మాటకు ఒక పెద్ద రుజువు యూరప్‌లో దొరికింది. 2015 నుంచి 2018 దాకా ఐదు దేశాల్లో లిస్టీరియా అనే సూక్ష్మజీవితో 47 మంది జబ్బుపడ్డారు, 9 మంది చనిపోయారు. వెతుక్కుంటూ పోతే అది ఫ్రోజెన్ మక్కజొన్న గింజల్లో, దానితో పాటు గడ్డ కట్టించిన ఇతర కూరగాయల్లో తేలింది. గడ్డ కట్టి ఉన్నా ఆ సూక్ష్మజీవి బతికే ఉంది. ఇలాంటి గింజలు ఐస్ విడిచాక ఉడికించకుండా సలాడ్లలో వేసుకోవడం ప్రమాదమని అక్కడి నిపుణులు హెచ్చరించారు. ‘ఉడికించి తినాలి’ అని ప్యాకెట్ వెనుక రాసే ఒక చిన్న వాక్యం విలువ అంత. ఫ్రీజర్‌లోంచి తీసిన స్వీట్‌కార్న్, బఠాణీ పిల్లలకు అలాగే పెట్టకండి. ఉడికించి పెట్టండి.

ఇక నిల్వ వాక్యంలో ఏముంటుందో చూద్దాం.

మైనస్ 18 డిగ్రీలు, అంతకంటే తక్కువ. ఫ్రోజెన్ సరుకుకు ఉండాల్సిన చలి ఇది. ఫ్యాక్టరీ నుంచి లారీ, లారీ నుంచి గోదాము, గోదాము నుంచి దుకాణం దాకా అంతటా ఇదే ఉండాలి. ఒక తలుపు ఉండే మన ఇంటి ఫ్రిజ్‌లో పైన ఐస్ కట్టే అర అన్నిసార్లూ అంత చల్లబడదు. కొన్ని ఫ్రీజర్ల తలుపు మీద, కొన్ని ప్యాకెట్ల వెనుక మంచు నక్షత్రాలు ఉంటాయి. ఒక నక్షత్రం అంటే మైనస్ 6, రెండు అంటే మైనస్ 12, మూడు అంటే మైనస్ 18. ఫ్రిజ్ మీద అతికించే కరెంటు పొదుపు నక్షత్రాలు వేరు, ఇవి వేరు. ఐదు నక్షత్రాల ఫ్రిజ్ అంటే కరెంటు తక్కువ తాగుతుందనే గాని చలి ఎక్కువని కాదు. ఈ రెండూ కలగలిపి మోసపోవద్దు. మీ ఫ్రిజ్ పై అరలో ఐస్‌క్రీమ్ గట్టిపడకుండా మెత్తగా ఉంటున్నదంటే అది మైనస్ 18 కాదు. అందులో ఫ్రోజెన్ ప్యాకెట్ నెలల తరబడి ఉంచకండి, వారంలో వాడేయండి.

ఒకసారి ఐస్ విడిచాక మళ్లీ గడ్డ కట్టించవద్దు. ఎందుకో ఇప్పటికే అర్థమై ఉంటుంది. నిద్ర లేచి రెట్టింపైన సూక్ష్మజీవులను మళ్లీ నిద్రపుచ్చడమే అది. తర్వాత తీసినప్పుడు మొదలయ్యేది ఆ పెరిగిన లెక్కతో. కావలసినంత మాత్రమే తీయండి. ఐస్ విడిచిన మాంసాన్ని పూర్తిగా వండేస్తే, వండినదాన్ని చల్లార్చి ఫ్రీజర్‌లో పెట్టుకోవచ్చు. పచ్చిగా మాత్రం వద్దు. ఐస్ విడవడానికి రాత్రంతా గట్టు మీద పెట్టకండి. ఫ్రిజ్ కింది అరలో, కింద గిన్నె పెట్టి ఉంచండి. పచ్చి మాంసం నీళ్లు పక్కనున్న పెరుగు మీద, కొత్తిమీర మీద పడకుండా చూడండి.

గడువు తేదీ, ఫ్రీజర్. కవర్లో కొన్న చికెన్‌కు రెండు రోజుల గడువు ఉంటే, ఆ గడువులోపు ఎప్పుడైనా ఫ్రీజర్‌లో పెట్టుకోవచ్చు. గడువు దాటాక పెట్టి ప్రయోజనం లేదు. కొన్నరోజే పెట్టాలా అన్న సందేహం చాలామందికి ఉంటుంది. ఇంగ్లండులో కొన్ని దుకాణాల ప్యాకెట్ల మీద ‘కొన్నరోజే ఫ్రీజర్‌లో పెట్టండి’ అని రాసేవారు. మర్నాటికి మంచి తిండి కూడా జనం పారేస్తున్నారని 2012లో అక్కడి ఒక పెద్ద దుకాణాల సంస్థ ఆ మాట మార్చి ‘వీలైనంత త్వరగా, గడువులోపు’ అని రాసింది. ఒక వాక్యం మారితే ఎంత తిండి మిగులుతుందో చూడండి. పండించినవాడికి తెలుస్తుంది ఒక్కో గింజ విలువ. మన ఎండల్లో మాత్రం ‘వీలైనంత త్వరగా’ అన్న మాటనే గట్టిగా పట్టుకోవాలి. ఫ్రీజర్‌లో పెట్టేటప్పుడు డబ్బా మీద తేదీ రాయండి. 2024 వేసవిలో హైదరాబాద్ హోటళ్లలో రాష్ట్ర ఆహార భద్రత అధికారులు తనిఖీలు చేసినప్పుడు మళ్లీ మళ్లీ బయటపడిన తప్పుల్లో ఒకటి ఇదే: సగం వండి ఫ్రిజ్‌లో పెట్టిన పదార్థాల మీద తేదీ లేదు, పేరు లేదు. హోటలుకు తప్పైనది ఇంటికి ఒప్పు కాదు.

కరెంటు పోతే. నిండుగా ఉన్న డీప్ ఫ్రీజర్ మూత తెరవకపోతే రెండు రోజుల దాకా, సగం ఉంటే ఒక రోజు దాకా చలి నిలుపుతుంది. ఫ్రిజ్ కింది భాగం నాలుగు గంటలే. చిన్న ఫ్రిజ్ పై అర మీద అంత నమ్మకం పెట్టుకోవద్దు. ఊరికి పోయేటప్పుడు ఒక గ్లాసులో నీళ్లు గడ్డ కట్టించి, దాని మీద రూపాయి బిళ్ల పెట్టి ఫ్రీజర్‌లో ఉంచి పోండి. తిరిగి వచ్చేసరికి బిళ్ల పైనే ఉంటే సరే. గ్లాసు అడుగున ఉంటే మీరు లేనప్పుడు అంతా కరిగి మళ్లీ గడ్డకట్టినట్టు. మాంసం, చేపలు పారేయక తప్పదు.

దుకాణంలో కూడా ఇలాగే చూడొచ్చు. బఠాణీ ప్యాకెట్ చేత్తో కదిపితే గింజలు విడివిడిగా కదలాలి. ఒకే ముద్దగా ఉన్నా, లోపల మంచు పొరలు కట్టి ఉన్నా అది దారిలో ఎక్కడో ఒకసారి కరిగిందని అర్థం. కొనకండి. ఫ్రోజెన్ సరుకు అన్నిటికంటే చివర కొని, తిన్నగా ఇంటికి పోండి.

చలికాలంలో బఠాణీ చవకగా దొరికినప్పుడు ఇంట్లోనే దాచుకోవాలనుకునేవాళ్లకు ఒక మాట. మరుగుతున్న నీళ్లలో రెండు నిమిషాలు వేసి, వెంటనే చల్లటి నీళ్లలోకి తీసి, నీరంతా ఓడ్చి, పలచగా పరచి గడ్డ కట్టించండి. ఆ రెండు నిమిషాల ఉడుకు లేకపోతే గింజ లోపలి ఎంజైములు చలిలో కూడా పని చేస్తూనే ఉంటాయి. రంగు, రుచి పోతాయి.

పాడి రైతు చూడాల్సిన లేబుల్

గడ్డ కట్టించిన సరుకుల్లో ఒకటి నేరుగా మన పాడి రైతు జేబును తాకుతుంది. పిల్లలు అడిగే కప్పు, పుల్ల ఐస్ తీసుకోండి. ఒకదాని మీద ‘ఐస్‌క్రీమ్’ అని ఉంటుంది, ఇంకోదాని మీద చిన్న అక్షరాల్లో ‘ఫ్రోజెన్ డెజర్ట్’ అని ఉంటుంది. రెండూ ఒకే పెట్టెలో, ఒకే తీరు బొమ్మతో ఉంటాయి. ఐస్‌క్రీమ్ అంటే పాల కొవ్వుతో చేసింది. మామూలు ఐస్‌క్రీమ్‌లో పాల కొవ్వు కనీసం 10 శాతం ఉండాలి. ఫ్రోజెన్ డెజర్ట్‌లో ఆ కొవ్వు పాలది కానక్కరలేదు, మొక్కల నూనెలతో చేస్తారు. అమ్మడం చట్టవిరుద్ధం కాదు. తినడం తప్పని మేం అనడం లేదు. కాని పాలనుకుని నూనె కొనడం వేరు, నూనెని తెలిసి కొనడం వేరు.

నాచారానికి కూతవేటు దూరంలో లాలాపేటలో విజయ డెయిరీ ఉంది. తెలంగాణ పల్లెల పాలు ఆ డెయిరీకి చేరతాయి. వెన్న శాతం ఒక పాయింటు తగ్గితే మన పాలకు ధర కోస్తారు. పాల కొవ్వు అసలే లేని సరుకు పాల సరుకు పక్కన కూర్చుని అమ్ముడుపోతుంటే ఆ రెండు ఇంగ్లీషు మాటలు ఎంతమందికి తెలుస్తున్నాయి? అది తెలుగులో ‘పాల కొవ్వు లేదు’ అని రాసి ఉంటే కొనే తల్లి ఒక్క క్షణం ఆగదా?

ఒక లేబుల్ మీద గెలిచిన పోరాటం

లేబుల్ మీద కొట్లాడితే ఏం వస్తుందని నిరాశపడేవాళ్లకు హైదరాబాద్‌లోనే ఉదాహరణ ఉంది. విరేచనాలైన పిల్లలకు ఇచ్చే ఓఆర్‌ఎస్ అందరికీ తెలుసు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం లీటరు నీళ్లలో గ్లూకోజు 13.5 గ్రాములే ఉండాలి. చక్కెర అంతకు ఎన్నో రెట్లు ఉన్న తీపి పానీయాలు పేరులో ‘ఓఆర్‌ఎస్’ పెట్టుకుని మందుల దుకాణాల్లో అమ్ముడుపోయాయి. తల్లులు మందనుకుని తాగించారు. చక్కెర ఎక్కువైతే విరేచనాలు ఇంకా పెరుగుతాయి.

హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ దీని మీద ఏళ్ల తరబడి పోరాడారు. హైకోర్టుకు వెళ్లారు. 2022లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఒకసారి నిషేధించి, కొద్ది నెలలకే ‘ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఓఆర్‌ఎస్ కాదు’ అని ప్యాకెట్ మీద రాస్తే చాలని సడలించింది. ఆ రాత కూడా ఇంగ్లీషులోనే! పల్లె తల్లికి అది రాసినా ఒకటే, రాయకపోయినా ఒకటే. ఆమె వదలలేదు. చివరికి 2025 అక్టోబరులో ఆ సడలింపును రద్దు చేసి, అసలు ఓఆర్‌ఎస్ కానిదాని పేరులో ఆ మాటే ఉండరాదని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది.

ఒక డాక్టరు మూడు అక్షరాల మీద పట్టుబడితే దేశమంతటా డబ్బాలు మారాయి. లక్షల మంది రైతులం ఒక భాష మీద పట్టుబడలేమా?

నాచారం ల్యాబు మనది

రాష్ట్ర ఆహార ప్రయోగశాల నాచారంలోనే ఉంది. అధికారులు పట్టుకున్న నమూనాలు పరీక్షకు చేరేది అక్కడికే. కొన్న మనిషి కూడా పరీక్ష చేయించుకోవచ్చని చాలామందికి తెలియదు. చట్టం 40వ సెక్షన్ ఆ హక్కు ఇచ్చింది. కొనేటప్పుడే దుకాణదారుకు ఆ సంగతి చెప్పాలి, ఫీజు కట్టాలి. సరుకు చట్టానికి విరుద్ధమని తేలితే కట్టిన ఫీజు తిరిగి వస్తుంది. నమూనా అందిన 14 రోజుల్లో విశ్లేషకుడు నివేదిక ఇవ్వాలన్నది చట్టం పెట్టిన గడువు. తప్పుడు లేబుల్‌కు 3 లక్షల రూపాయల దాకా జరిమానా ఉంది. ఫిర్యాదుకు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ టోల్‌ఫ్రీ 1800 11 2100. ఫోన్ చేసేముందు బిల్లు, ప్యాకెట్ దాచిపెట్టండి. రెండు పక్కలా ఫోటో తీయండి.

తార్నాక నుంచి ఉప్పల్ దాకా ఆ ఒక్క రోడ్డు చూడండి. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. అది 2024 మేలో దేశ ప్రజలకు ఇచ్చిన 17 ఆహార సూత్రాల్లో లేబుల్ చదివి కొనమన్నది ఒకటి. ఐఐసీటీ, సీసీఎంబీ ఆ దారిలోనే ఉన్నాయి. పక్కనే నాచారం ల్యాబు. దేశానికి తిండి గురించి చెప్పే శాస్త్రమంతా కూడిన ఈ చోట, ఆ సంస్థల గేటు ముందు కిరాణం దుకాణంలో ప్యాకెట్ కొన్న ఆయమ్మకు మాత్రం దాని వెనుక ఏముందో తెలియదు. చదవమని చెప్పేవాళ్లు చదవగలిగేలా రాయించాలి కదా.

మా డిమాండ్లు

ప్యాకెట్ ముందు వైపు చక్కెర, ఉప్పు, కొవ్వు హెచ్చరికలు ఎలా ఉండాలో సిఫార్సులు ఇవ్వమని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు నిపుణుల కమిటీని ఆదేశించింది. లేబుల్ రూపం మీద చర్చ నడుస్తున్న ఈ కాలంలోనే భాష మాట కూడా తేలాలి. కాబట్టి మేం అడిగేవి ఇవి.

ఒకటి, పురుగుమందులకు ఉన్న నియమమే తిండికీ పెట్టాలి. తెలుగు రాష్ట్రాల్లో అమ్మే ప్రతి ప్యాకెట్ మీద గడువు తేదీ, నిల్వ పద్ధతి, అలర్జీ హెచ్చరిక, దేనితో చేశారన్నది తెలుగులో తప్పనిసరి చేయాలి.

రెండు, ఫ్రోజెన్ సరుకులకు చదువు రానివాళ్లకూ తెలిసే గుర్తులు పెట్టాలి. ఎంత చలి కావాలి, ఉడికించి తినాలా, మళ్లీ గడ్డ కట్టించకూడదా అన్న మూడు మాటలకు మూడు బొమ్మలు చాలు. మందు డబ్బాకు రంగు గుర్తు కనిపెట్టిన దేశానికి ఇది పెద్ద పని కాదు.

మూడు, ‘ఫ్రోజెన్ డెజర్ట్’ మీద పాల కొవ్వు లేదన్న మాట ముందు వైపు, పేరు ఎంత అచ్చులో ఉందో అంత అచ్చులో ఉండాలి.

నాలుగు, నాచారం ప్రయోగశాలలో సామాన్యుడు నమూనా ఇచ్చే పద్ధతి, ఫీజు ఎంతో తెలుగులో బోర్డు పెట్టాలి. జిల్లాల నుంచి నమూనా పంపే ఏర్పాటు ఉండాలి.

ఇవి ప్రభుత్వాన్ని అడిగేవి. మన చేతిలో ఉన్న పని ఇంకొకటి ఉంది. మన మహిళా సంఘాలు, రైతు ఉత్పత్తిదారుల సంఘాలు పసుపు, కారం, పచ్చళ్లు, పప్పు ప్యాకెట్లు చేసి అమ్ముతున్నాయి. వాటిలో కూడా చాలా లేబుళ్లు ఇంగ్లీషులోనే ఉంటున్నాయి, అట్లయితేనే షోకుగా ఉంటుందని. ముందు మన ప్యాకెట్లు మార్చుదాం. తయారైన తేదీ, గడువు, ఎలా దాచాలన్నది, ఏ ఊరి పంట అన్నది తెలుగులో, పెద్ద అచ్చులో వేద్దాం. ఇంగ్లీషు కింద వేసుకుందాం. మండల కమిటీలు వచ్చే నెల సమావేశంలో ఈ అంశం చర్చకు పెట్టి, తమ పరిధిలోని సంఘాల లేబుళ్ల నమూనాలు తెప్పించి చూడాలి. తీర్మానం కాపీలు రాష్ట్ర ఆహార భద్రత కమిషనర్‌కు పంపాలి.

మనం పండించింది మన భాష తెలిసినవాళ్లే ఎక్కువమంది తింటున్నారు. అది ఎలా దాచుకోవాలో, ఎప్పటిదాకా తినొచ్చో వాళ్లకు మన భాషలో చెప్పమని అడుగుతున్నాం. విషం గురించి చెప్పినంత జాగ్రత్తగా తిండి గురించి చెప్పమని మాత్రమే అడుగుతున్నాం.